8 ఏళ్లు వాడి రాస్తున్న రివ్యూ: నెల్లూరులో ఒక పెద్ద కంపెనీ ఉద్యోగం

మిక్సీ కొన్నోళ్లు వారం వాడి రివ్యూ రాసేస్తా ఉండారు, నేను ఒక ఉద్యోగాన్ని 8 ఏళ్ల 2 నెలలు వాడా, మరి నేనెందుకు రాయకూడదు. 5కి 2 స్టార్లు. ఒకటి క్యాంటీన్‌లో బుధవారం చేపల పులుసుకి, ఇంకోటి మా నాయన ఆపరేషన్‌కి మా చైర్మన్ పెద్దయ్య గారు ఇచ్చిన 50,000కి. ఆ యాభై వేల సంగతి కింద చెప్తా, నా కథంతా దాంట్లోనే ఉండాది.

పేరు రాయను, అడగబాకండి. నెల్లూరోళ్లకి ఇట్టాంటి కంపెనీలు రెండు మూడైనా తెలిసుంటాయి, ఏదనుకున్నా మీ ఇష్టం. ముందు రైస్ మిల్లు, తర్వాత ఐసు ఫ్యాక్టరీ, లారీలు, రొయ్యల మేత డీలర్‌షిప్, 2009లో వనామీ రకం రొయ్యకి పర్మిషన్ వచ్చి జిల్లాలో టైగర్ రొయ్య చెరువులన్నీ అటు తిరిగిపోయాయి కదా, ఆ ఊపులో ప్రాసెసింగ్ ప్లాంట్. తాత ఫొటోకి దండ, కొడుకు చైర్మన్, మనవడు ఎండీ, అల్లుడు డైరెక్టర్. స్టాఫ్ అంతా పెద్దయ్య గారు, చిన్నయ్య గారు, అల్లుడు గారు అనే అంటారు, లెటర్‌హెడ్ మీద హోదాలు వేరే ఉంటాయిగానీ వాటిని ఎవురూ వాడరు.

నేను చేరింది 2016 జూన్‌లో, హెడ్డాఫీసు అకౌంట్స్‌లో, రొయ్యల పర్చేజ్ బిల్లులు చూసే సెక్షన్. అంతకు ముందు మొహర్రంకి, అది 2015 అక్టోబర్‌లో పడింది, మా అక్క పోరు పడలేక బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఉద్యోగం రొట్టె పట్టుకున్నా. వేరే జిల్లాలోళ్లకి చెప్తున్నా, కోరిక తీరినోళ్లు రొట్టె తెచ్చి నీళ్లల్లో నిలబడి ఇస్తారు, ఆ కోరిక ఉన్నోళ్లు తీసుకుని తింటారు, తీరాక మళ్లీ వాళ్లొచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఉద్యోగానికి, పెళ్లికి, ఇల్లుకి, చదువుకి, దేని రొట్టె దానికే. నేను ఎనిమిది నెలల్లో ఉద్యోగం కొట్టా, ఆ ఏడే పోయి ఇచ్చేసొచ్చా. మంచి ఉద్యోగం రొట్టె అని అడగాల్సింది, ఉత్త ఉద్యోగం అని అడిగా, తప్పు నాదే.

ఇంటర్వ్యూలో మూడే ప్రశ్నలు. ఏ ఊరు అబ్బయ్యా, ఎవురి అబ్బాయివి, ఎవురు చెప్తే వచ్చావు. ఊరు కోవూరు అన్నా. ఇంటిపేరు రెండోసారి అడిగి రాసుకున్నారు, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. బీకామ్ సర్టిఫికెట్ ఫైల్లోంచి తీయనే లేదు. 9,000 జీతం, ఆఫర్ లెటర్ ఇవ్వలా, 'సోమవారం వచ్చెయ్' అన్నారు, అదే ఆఫర్ లెటర్.

పొద్దున 9కి ఆఫీసు. 9:05కి రిజిస్టర్‌లో ఎర్ర గీత పడుద్ది, మూడు గీతలైతే అర పూట జీతం కట్. తర్వాత బయోమెట్రిక్ పెట్టారు, హమ్మయ్య రిజిస్టర్ పీడ పోయిందనుకున్నాం, పోలా, వేలు పెట్టి మళ్లీ సంతకం కూడా పెట్టాలి. వచ్చే టైముకి రెండు లెక్కలు, పోయే టైముకి అసలు లెక్కే లేదు. పేరుకి ఆరింటికి ఆఫీసు అయిపోద్ది, నిజానికి చిన్నయ్య గారి కారు గేటు దాటాకే అయిపోద్ది. ఆయన పైన క్యాబిన్‌లో ఐపీఎల్ చూస్తా ఉంటే కింద మేం ముప్పై మందిమి పని లేకపోయినా సిస్టమ్ ముందు కూర్చోని లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో పాత ఓచర్లు తెరిచి మూస్తా ఉండాలి. ఒకరోజు 6:20కి నేను బ్యాగ్ తగిలించుకుంటే మా మేనేజర్ సార్ 'ఏరా, హాఫ్ డేనా' అన్నాడు. జోకే. అందరూ నవ్వారు, నేనూ నవ్వి బ్యాగ్ దించి కూర్చున్నా. ఎందుకు కూర్చున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఈ మేనేజర్ సార్ గురించి ఒక మాట. చెడ్డోడు కాదు. 26 ఏళ్లు అక్కడే, రైస్ మిల్లు గుమస్తాగా మొదలైన మనిషి. ఏం అడిగినా 'గమ్మునుండరా' అంటాడు, మన మీద కోపంతో కాదు, ఆయన 26 ఏళ్లు అట్టానే గమ్మునున్నాడు కాబట్టి.

టోనర్ కథ ఒకటి చెప్పాలి. మా సెక్షన్ ప్రింటర్‌లో టోనర్ అయిపోయింది, రీఫిల్ చేయిస్తే 350 రూపాయలు. నోట్ పెట్టమన్నారు. నోట్ అంటే తెల్ల కాగితం మీద గౌరవనీయులైన అని మొదలుపెట్టి అరపేజీ. మా సార్ సంతకం, అడ్మిన్ సంతకం, తర్వాత స్టోర్స్ వాళ్లు 'స్టాకు లేదు' అని రాసివ్వాలి (ఉంటే నేనెందుకు అడుగుతానయ్యా), ఆ తర్వాత జీఎం. ఆయన పచ్చ ఇంకుతో 'ప్లీజ్ డిస్కస్' అని రాసి వెనక్కి పంపించాడు. పోయి నిలబడితే 'పోయిన నెలే కదా వేయించాం, అంత ప్రింట్లు ఏం తీస్తా ఉండారు' అని పది నిమిషాలు. ఏం తీస్తాం సార్, రైతుల బిల్లులు. కౌంట్‌ని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని) బట్టి రేటు కదా, రాత్రి రెండింటికి చెరువులో పట్టిన సరుకు పొద్దునకి ప్లాంట్‌కొచ్చుద్ది, 50 కౌంట్ అనుకున్నది 54 తేలితే రేటు మారిపోద్ది, రైతు బిల్లు చేతికి వచ్చిందాకా ఫోన్ మీద ఫోన్. ఆ టోనర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది, తొమ్మిది రోజులూ నేను పెన్‌డ్రైవ్ పట్టుకుని పక్క సెక్షన్ చుట్టూ తిరిగా, ఆఖరికి వాళ్లు కూడా మా టోనర్ అయిపోద్ది పోవయ్యా అన్నారు. అదే వారం పెద్దయ్య గారి పుట్టినరోజు. రాత్రి పదింటికి ఎవురో ఫోన్ చేసి చెప్తే పొద్దున ఆరుకల్లా గేటు ఆ చివర నుంచి ఈ చివరకి ఫ్లెక్సీ కట్టేసుంది, దానికి నోటూ లేదు డిస్కషనూ లేదు. కింద వరసలో మా స్టాఫ్ ఫొటోలు కూడా ఏశారు, ఫొటోకి 500 చందా, అడక్కుండానే జీతంలో పట్టేసుకున్నారు. నా ఫొటో కరెంటు స్తంభం వెనక్కి పోయింది, 500 దండగ.

జనవరి 1 ఇంకో పండగ. యాపిల్ పండ్లు, శాలువా, దండ తీసుకుని ఇంటికి పోయి లైన్లో నిలబడాలి, కాళ్లకి దండం పెట్టాలని ఎవురూ చెప్పరు, కానీ ముందున్నోడు పెడతాడు కాబట్టి నువ్వు పెట్టకపోతే కనపడుద్ది. పెద్దయ్య గారు ప్రతి ఏడూ అదే మాట చెప్తారు, మనమంతా ఒక కుటుంబం, మీ పిల్లలకి కూడా ఈడే ఉద్యోగం అని. చప్పట్లు. కుటుంబం అన్నాక జీతం పెంచమని ఎట్టా అడుగుతావ్ చెప్పు.

అడిగినోళ్లకి ఏం చెప్పారో నా దగ్గర ఏడాది వారీగా ఉండాది. 2016లో నోట్ల రద్దు. 2017లో జీఎస్టీ. 2018లో రొయ్య రేటు పడింది. 2019లో ఎలక్షన్లు (ఎలక్షన్లకి నా ఇంక్రిమెంట్‌కి సంబంధం ఏందో ఈ రోజుకీ తేలలా). 2020లో కరోనా, 2021లో వరద. ఇచ్చిన ఏడు 500, ఇంకో ఏడు 1,000, మధ్యలో ఎప్పుడైనా దయ తలిస్తే 2,500. నేను మానేశాక 2025లో అక్కడున్నోళ్లని అడిగితే ఆ ఏడు ట్రంప్ అంట. 2025 ఆగస్టు చివర్లో అమెరికా సుంకం 50 శాతానికి పోయింది, మన రొయ్యకి పెద్ద మార్కెట్ అదే, కాబట్టి ఇది నిజమైన కారణమే, నేను కాదనను. కానీ రేటు బాగున్న ఏళ్లల్లో కూడా కారణం దొరికిందే, అదీ నా బాధ.

వరద అంటే గుర్తొచ్చింది. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు మొత్తం నీళ్లు, పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆపేశారు, హైవే మీద లారీలు యాడివి ఆడే ఆగిపోయాయి. మా వీధిలో నడుం లోతు. మూడో రోజు నీళ్లు తగ్గాక తిప్పలు పడి ఆఫీసుకి పోతే రిజిస్టర్‌లో రెండు రోజులు ఎల్‌ఓపీ, అంటే జీతం లేని సెలవు. హెచ్‌ఆర్‌లో కూర్చునే ఆయన (ఆయన అసలు మిల్లులో తూకం దగ్గర ఉండేవాడు, హెచ్‌ఆర్ అని బోర్డు మార్చారంతే) 'ఫొటో ఏమైనా తీశావా' అన్నాడు. ఏం ఫొటో సార్ అంటే వరద ఫొటో, నువ్వు అందులో కనపడాలి అన్నాడు. ఆ రోజు టీవీలన్నిట్లో మా ఊరే. సెల్ఫీ తీసుకోనందుకు రెండు రోజుల జీతం పోయింది.

ఇప్పుడు యాభై వేల సంగతి.

2019 నవంబర్‌లో మా నాయనకి గుండెకి స్టెంట్ వేయాలన్నారు. మాకు తెల్లకార్డు లేదు, ఆరోగ్యశ్రీ కుదరలా. నేను ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే మా సార్ చేయి పట్టుకుని పైకి తీసుకుపోయాడు. పెద్దయ్య గారు ఒక్క ప్రశ్న అడగలా, డ్రాయర్ తెరిచి యాభై వేల కట్ట టేబుల్ మీద పెట్టి 'ముందు నాయన్ని చూసుకో పో' అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలా. నోట్ లేదు, సంతకం లేదు, పచ్చ ఇంకు లేదు. నేను మెట్లు దిగుతా ఏడ్చా, నిజంగా. తర్వాత నెలకి 1,000 చొప్పున 50 నెలలు జీతంలో పట్టుకున్నారు, వడ్డీ ఒక్క పైసా తీసుకోలా. అందుకే ఆ స్టార్, అది నేను వెనక్కి తీసుకోను.

కానీ ఆ 50 నెలలూ నేను నోరెత్తలా. ఇంక్రిమెంట్ అడుగుదామా అంటే మా సార్ 'మీ నాయన టైంలో అయ్య గారు ఏం చేశారో మర్చిపోబాక' అంటాడు. ఆదివారం రాను అందామంటే అదే మాట. చాలా కాలానికి, లేబర్ ఆఫీసు దగ్గర టీ అంగట్లో ఒకాయన చెప్తే తెలిసింది, నా జీతం 21,000 లోపు కాబట్టి నన్ను ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐలో చేర్చుండాల్సింది అని. నా జీతంలో 0.75 శాతం పోతది, కంపెనీ 3.25 శాతం కడతది, అంతే, నా మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకి కూడా వైద్యం ఉంటది. హెడ్డాఫీసు స్టాఫ్‌ని ఎవురినీ చేర్చలా. చేర్చుంటే ఆ రోజు నేను ఆ మెట్లు ఎక్కే పనే లేకపోవచ్చు, దిగుతా ఏడ్చే పని అసలే లేదు.

అప్పటినుంచి ప్రతిదీ అట్టానే కనపడతా వచ్చింది నాకు. బోనస్ చూడండి. 1965 నుంచి చట్టం ఉండాది, తక్కువలో తక్కువ 8.33 శాతం ఇవ్వాల్సిందే. మాకు దసరా ముందు రోజు హాల్లో కూర్చోబెట్టి, పేరు పిలిచి, పెద్దయ్య గారి చేత్తో కవర్, దాంతోపాటు మలై కాజా బాక్సు. వంగి తీసుకోవాలి, ఫొటోకి ఆగాలి. ఎనిమిదేళ్లు నేను దాన్ని కానుక అనుకున్నా. మలై కాజా మాత్రం బాగుండేది, నెల్లూరు మలై కాజాకి పేరు పెట్టేదేముంది.

క్యాంటీన్ గురించి రాయకపోతే పాపం తగులుద్ది. టోకెన్ 10 రూపాయలు. బుధవారం శీలావతి చేప, ఎండాకాలంలో అయితే మామిడికాయ ముక్కలేసి, వండే అమ్మ పొద్దున్నే చేసి పెట్టేది కాబట్టి మధ్యాహ్నానికి ముక్కకి పులుపు పట్టేది. గురువారం మిగిలిన పులుసు ఇంకా బాగుంటది, కానీ అది ముందే మాట్లాడి పెట్టుకున్నోళ్లకి. ప్లేట్లలో కూడా కులం ఉండాది, మేనేజర్లకి పింగాణీ, మాకు స్టీలు, ప్లాంటోళ్లు క్యారేజీ తెచ్చుకోవాలి. తలకాయ ముక్క ఎప్పుడూ పింగాణీలోకే.

ప్లాంటోళ్లు అన్నా కదా. ఒలిచే షెడ్డులో ఆడోళ్లు, తెల్లారకముందే కంపెనీ బస్సు ఊళ్ల మీద తిరిగి ఎక్కించుకొస్తది. ఐసు నీళ్లల్లో నిలబడి తలకాయ తీసి తోలు తీసి, కిలోల లెక్కన డబ్బులు, మేస్త్రీ ద్వారా. నెలకోసారి మస్టర్ (హాజరు పట్టీ) సరిచూడ్డానికి నేను పోయేవాణ్ని, గ్లౌజు తీస్తే వేళ్లు తెల్లగా నానిపోయి ముడతలు, గోళ్ల చివర్లు ఒరిసిపోయి ఉండేవి. ఒక పెద్దామె ప్రతి నెలా 'అబ్బయ్యా, నా పేరు రాసుకున్నావా' అనేది. కాగితంలో ఉందవ్వా అంటే నమ్మేది కాదు, వేలు పెట్టి చూపించమనేది, ఆమెకి చదువు రాదు, అయినా చూపించిన చోట కాసేపు చూసి 'సరే' అనేది. మా ఏసీ రూములో టోనర్ గోల ఆమెకి చెప్తే నవ్వుద్ది.

వాట్సాప్ గ్రూపు గురించి పెద్దగా రాయను, అందరికీ ఉండేదే. రాత్రి 10:40కి చిన్నయ్య గారు ఏదో పంపుతారు, 10:41 నుంచి నలభై మంది 'నోటెడ్ సార్'. బ్లూ టిక్ పడి రిప్లై ఇవ్వకపోతే పొద్దున పిలుపు.

రిజైన్ చేసింది 2024 ఆగస్టులో. అప్పటికి జీతం 19,500, అందులో బేసిక్ 13,000. ఆ జులైలో రొట్టెల పండక్కి మళ్లీ చెరువులో దిగా, ఈసారి ఎవురి పోరూ లేదు, నా అంతట నేనే, నెల తిరక్కుండా మినీ బైపాస్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో దొరికింది. 11 మంది స్టాఫ్. జీతం ఇంకో 500 తక్కువే, కానీ 1వ తారీకున పడుద్ది, స్లిప్ వస్తది, ఈఎస్‌ఐ కార్డు ఉండాది.

ఆ కంపెనీలో రిజైన్ అనేది లేదు, ద్రోహం అనేదే ఉండాది. లెటర్ ఇస్తే జీఎం నెల రోజులు తీసుకోలా, మెయిల్ పెడితే 'మెయిల్ పెట్టేంత పెద్దోడివయ్యావా' అన్నాడు. గ్రాట్యుటీ అంటే ఏళ్లు చేసి మానేసినోడికి కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు, నేను మానేసిన 2024లో దాని లెక్క చిన్నది, ఎవురైనా వేసుకోగలిగేదే, ఆఖరి బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించి, దాన్ని ఎన్నేళ్లు చేశావో అన్నేళ్లతో గుణించడమే, డీఏ ఉంటే బేసిక్‌లో కలుపుకోవాలి. నాకు 7,500 ఇంటూ 8, అరవై వేలు. 5 ఏళ్లు దాటితే వచ్చేదే, 30 రోజుల్లో ఇవ్వాలి, లేటైతే వడ్డీతో ఇవ్వాలి. నాకు ఏడు నెలలు పట్టింది. యాభై వేలు ఐదు నిమిషాల్లో ఇచ్చిన టేబులే, మనిషీ ఆయనే, అరవై వేలకి ఏడు నెలలు. పోయిన ప్రతిసారీ 'అయ్య గారు ఊళ్లో లేరు'. ఆఖరికి లేబర్ ఆఫీసులో అర్జీ రాసి ఆ కాపీ రిజిస్టర్ పోస్టులో పంపిస్తే వారంలో చెక్కు వచ్చింది, వడ్డీ లేకుండా. వడ్డీ కోసం ఇంకో ఏడు నెలలు తిరిగే ఓపిక లేక వదిలేశా. పీఎఫ్‌లో నేను మానేసిన తేదీ కూడా వాళ్లు ఎక్కించలా, అది మాత్రం రెండు నెలలు ఆగితే మనమే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో ఎక్కించుకోవచ్చు, వాళ్ల కాళ్లు పట్టుకునే పని లేదు. ఈ ముక్క ఎవురికైనా పనికొస్తదని రాస్తున్నా.

ఎవురు చేరొచ్చు అంటే, వేరే దారి లేకపోతే చేరండి, ఏడాది చేసి పని నేర్చుకోండి, పర్చేజ్ పని మాత్రం బ్రహ్మాండంగా వస్తది. అప్పు మాత్రం తీసుకోబాకండి.

2025 జులైలో రొట్టె ఇవ్వడానికి పోయా, మా అక్క కూడా వచ్చింది. మోకాళ్ల లోతు నీళ్లు, జనం భుజాలు భుజాలు రాసుకుంటా ఉండారు, 'ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె' అని అరుస్తా ఉంటే ఒక చెయ్యి ముందుకొచ్చింది, చూస్తే మా మేనేజర్ సార్. ప్యాంటు మడిచి, తల మీద చేతిగుడ్డ వేసుకుని. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీయబోయాడు, నేనే పట్టుకున్నా. ఎవురికి సార్ అంటే 'మావోడికిరా, బీటెక్ అయి రెండేళ్లయింది' అన్నాడు. పెద్దయ్య గారు మన పిల్లలకి ఈడే ఉద్యోగం అంటా ఉంటారు కదా సార్, అడగలేదా అన్నా. ఎకసెక్కానికి అనలా, నిజంగానే అడిగా. ఆయన నీళ్ల వంక చూస్తా కాసేపు గమ్మునున్నాడు.

'నేను చేశాను చాల్లేరా' అన్నాడు.

రొట్టె ఇచ్చా. ఒక ముక్క తుంచి నోట్లో ఏసుకుని మిగతాది కొడుక్కని చేతిగుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. గట్టెక్కేటప్పుడు తిరిగి చూసి, 'ఆఫీసులో ఎవురికీ చెప్పబాకరా' అన్నాడు.